కార్డుముక్కలో వదిలిన చోటు

గత నెలలో కొన్ని కాగితాలు రిజిస్టరు పోస్టులో పంపవలసి వచ్చి, చాలా రోజుల తరువాత మా పేట పోస్టాఫీసుకు వెళ్లాను. కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి నా కవరు అటూ ఇటూ తిప్పి చూసి, రిజిస్టరు పోస్టు అని ఇప్పుడు విడిగా లేదని, 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని స్పీడు పోస్టులో కలిపేశారని తమిళంలో ఓపికగా చెప్పింది. కవరు మూత ఒక మూల ఊడి ఉందని కూడా ఆమే చూపించింది. అతికిద్దామని గోడవారగా ఉన్న బల్ల దగ్గరకు నడిచాను. బల్ల మీద ప్లాస్టిక్ డబ్బాలో బంక, అందులో గట్టిపడిపోయిన కుంచె, డబ్బా చుట్టూ ఏళ్ల తరబడి కారి ఎండి పెచ్చులు కట్టిన మరకలు. కుంచె పైకి తీయగానే పులిసిన పిండి లాంటి వాసన ముక్కుకు తగిలింది. బల్ల నాకు అందకపోతే నాన్న ఎత్తుకుని నిలబెడితే, తపాలా బిళ్ల వెనక నా చేత్తో పూసిన బంక వాసన అది. కవరు అతికించడం అయిపోయాక కూడా నేను కొంతసేపు అక్కడే నిలబడిపోయాను.

తిరిగి కౌంటరు దగ్గరకు వెళ్లి పది పోస్టుకార్డులు అడిగాను. కార్డు ధర ఇప్పటికీ 50 పైసలే. పదింటికీ కలిపి 5 రూపాయలు తీసుకుని, ఆ అమ్మాయి సొరుగు అడుగు నుంచి వెతికి ఇచ్చింది.

*

మా నాన్న మద్రాసులో తెలుగు పుస్తకాలు అచ్చువేసే ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. పానగల్ పార్కుకు నాలుగు వీధుల అవతల, ఒకే వాకిట్లో ఆరు వాటాలున్న ఇంట్లో మేము ఉండేవాళ్లం. తాతయ్య, నాన్నమ్మ బాపట్ల దగ్గర పల్లెలో ఉండేవారు. వారానికి ఒక కార్డు అక్కడి నుంచి ఇక్కడికి, ఒక కార్డు ఇక్కడి నుంచి అక్కడికి. ఎండాకాలం సెలవులు తప్పితే మిగతా పది నెలలూ మా రెండిళ్లూ ఆ కార్డుల మీదనే నడిచాయి. ‘తోక లేని పిట్ట తొంభై ఆమడ పోతుంది, ఏమిటది?’ అని నాన్నమ్మ పొడుపుకథ వేస్తే, మూడేళ్ల వయసులోనే ‘ఉత్తరం’ అని నేను అరిచేదాన్నట.

తాతయ్య కార్డుకు ఒక క్రమం ఉండేది. నడినెత్తిన ‘శ్రీరామ’. కుడి మూల ఊరిపేరు, దాని కింద తిథీ వారమూ. తరువాత ‘చిరంజీవిని ఆశీర్వదించి వ్రాయునది’ అని మొదలుపెట్టి, ‘ఉభయకుశలోపరి’ అని ఒక్క మాట రాసి అసలు విషయంలోకి వచ్చేవారు. ఆ మాటకు అర్థం ఏమిటని ఒకసారి అడిగితే, ‘మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాం, ఇక ఆపైన సంగతులు, అని మూడు వాక్యాలు రాసేబదులు ఒక్క మాట, అమ్మాయీ! కార్డులో రెండు గీతల చోటు మిగులుతుంది’ అన్నారు. మన దేశంలో పోస్టుకార్డు 1879లో కాలణాకు మొదలైందని చెప్పింది కూడా ఆయనే. ఆయన దృష్టిలో కార్డుకు పెట్టిన ప్రతి పైసకూ ఒక మాట రాబట్టుకోవాలి. అరసున్నలు, బండి ఱలు ఒక్కటీ వదలకుండా, చీమలబారు లాంటి అక్షరాలతో వెనక పక్కంతా నింపి, చిరునామా వైపు ఎడమ సగం నింపి, అప్పటికీ మాట మిగిలితే కార్డు తిప్పి అంచుల వెంబడి రాసేవారు. చివరి వాక్యం చదవాలంటే మేము కార్డును చక్రంలా తిప్పవలసి వచ్చేది.

అంత పొదుపరి అయినా, అడుగున రెండు వేళ్ల వెడల్పు చోటు మాత్రం ముట్టుకునేవారు కాదు. అది నాన్నమ్మది. ఆమె పెళ్లయిన తరువాత తాతయ్య దగ్గరే పలక మీద అక్షరాలు దిద్దుకుంది. వడియాలు పెట్టినట్టు విడివిడిగా, ఒక్కో అక్షరమూ బొటనవేలి గోరంత రాసేది. ఆ చోట్లో ఒక్క వాక్యమే పట్టేది. ‘పిల్లకు ఆముదం పట్టించు.’ ‘గేదె ఈనింది, పెయ్య.’ ‘ఎవరన్నా వస్తే గోంగూర పంపుతా.’ తాతయ్య రాసిన ముప్ఫై గీతలూ అమ్మ మధ్యాహ్నం తీరికగా చదువుకునేది. నాన్నమ్మ వాక్యం మాత్రం వాకిట్లో నిలబడి ముందుగా చదివేది.

నాలుగు మూలలా పసుపు అంటిన కార్డు వస్తే పెళ్లో పురుడో అని చదవకముందే తెలిసిపోయేది. అశుభం రాసిన కార్డు అంచు కొద్దిగా చించి ఉండేది. దాన్ని గడప లోపలికి తేనిచ్చేవారు కాదు. వాకిట్లోనే చదివి చింపేసి స్నానాలకు లేచేవారు. మిగతా ఉత్తరాలన్నీ వంటింటి తలుపు పక్కన వేలాడే ఇనప తీగకు గుచ్చేవాళ్లం. అది నిండితే అమ్మ మరొక తీగ తెప్పించేది. పాతది తీసి పారేసేది కాదు.

*

తాతయ్య మా ఊరిని ఎప్పుడూ ‘చెన్నపట్నం’ అనే రాశారు. ‘మద్రాసు’ అని ఆయన చేతిరాతలో నేను చూడనే లేదు. 1996లో ప్రభుత్వం ఈ ఊరిపేరు చెన్నై అని మార్చినప్పుడు, ఆయన ఉండి ఉంటే ఎంత సంతోషించేవారో అనుకున్నాను. చిరునామా మొత్తం తెలుగులోనే రాసేవారు. మా వీధికి వచ్చే పోస్ట్‌మాన్ తమిళుడు, తెలుగు చదవడం రాదు. మా ఆరు వాటాలలో నాలుగు తెలుగువాళ్లవి, ఎదురు వరుసలో మరో అయిదారు ఇళ్లు. తెలుగులో చిరునామా ఉన్న కార్డులన్నీ విడిగా కట్టగట్టి, సైకిలు మా గేటుకు ఆనించి, ‘ఇదు యారుక్కు అమ్మా?’ అంటూ ఒక్కొక్కటీ అమ్మకు చూపించేవాడు. అమ్మ చదివి చెప్పేది. తను ఆ ఇంటి నంబరును పెన్సిలుతో మూల మీద వేసుకునేవాడు. ఎండలో వచ్చాడని అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, ఒక్కో అక్షరం చూపించి ఇదేమిటి, అదేమిటి అని అడిగేవాడు. మూడు నాలుగేళ్లకు అమ్మతో పని లేకుండానే తెలుగు పేర్లు పోల్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు అతని ముఖంలో చూసిన గర్వం నాకింకా గుర్తుంది.

ఈ ఇబ్బంది మా వీధి ఒక్కదానిదే కాదు. ఒకే పేరున్న ఊళ్లు, ఇన్ని భాషలు, ఇన్ని లిపులు ఉన్న దేశంలో ఉత్తరాలు దారి తప్పకుండా ఉండేందుకే 1972 ఆగస్టు 15న పిన్‌కోడు తెచ్చారు. ఆరు అంకెలలో మొదటిది ఆంధ్రకు 5, తమిళనాడుకూ కేరళకూ 6. మొదటి మూడూ కలిపితే ఉత్తరాలు వేరుచేసే జిల్లా, చివరి మూడూ పంచే పోస్టాఫీసు. మాది 600017, బాపట్లది 522101. నాన్న ఈ వివరమంతా తాతయ్యకు రాసి, ఇకమీదట తప్పకుండా ఈ అంకెలు వేయమని కోరారు. తాతయ్య వేశారు. కానీ తెలుగు అంకెలలో వేశారు! ‘౬౦౦౦౧౭’ అని ముత్యాల్లాంటి అంకెలతో వచ్చిన ఆ కార్డు మీద, దారిలో ఎవరెవరో ఎర్ర సిరాతో గీసిన గీతలున్నాయి. మామూలుకంటే నాలుగు రోజులు ఆలస్యంగా చేరింది. అయినా చేరింది. ఆ తరువాత ఆయన ఇంగ్లీషు అంకెలు వేయడానికి ఒప్పుకున్నారు గాని, తిథి మాత్రం చివరిదాకా తెలుగు అంకెలలోనే వేశారు.

*

నేను రాసిన మొదటి ఉత్తరాలు నావి కావు. ఉదయగిరి ప్రాంతం నుంచి బతుకుతెరువుకు వచ్చి మా వీధిలో మూడిళ్లలో వంట చేసే ఒక పెద్దావిడ ఉండేది. అందరం ఆమెను ఉదయగిరి అవ్వ అనేవాళ్లం. ఆమె కూతురు ఊళ్లోనే ఉండేది. నెలకొకసారి ఆ కూతురికి డబ్బు పంపేది, ఒక ఉత్తరం రాయించేది. నాకు పన్నెండేళ్లు వచ్చాక ఆ పని నాకు అప్పగించారు.

మొదటి రోజు చాలా శ్రద్ధగా కూర్చున్నాను. ఆమె తిరగలి పక్కన గోడకు జారగిలబడి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. ‘అమ్మీ, నువ్వు ఎట్టుండావు, పిలకాయలు ఎట్టుండారు, నాకు మోకాలు నొప్పి తగ్గింది, నా గురించి దిగులు పెట్టుకోబాకు’ అంది. నేను తాతయ్య ఉత్తరాలు చదివి పెరిగినదాన్ని కాబట్టి, ‘చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతియైన కుమార్తెకు తల్లి ఆశీర్వదించి వ్రాయునది, ఉభయకుశలోపరి’ అని ఎత్తుకుని, ఇన్లాండు లెటరు నిండా గంభీరంగా నింపి, గట్టిగా చదివి వినిపించాను. ఆమె అంతా విన్నది. కాసేపు ఏమీ అనలేదు. ‘శానా బాగుంది పాపా’ అన్నది చివరికి. ‘కానీ ఇందులో నేను యాడుండా? ఇది వింటే నా బిడ్డ నేను పోయాననుకుంటది.’

ఆ ఇన్లాండు పక్కన పెట్టి, నా డబ్బులతో మరొకటి తెచ్చాను. ఈసారి ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ‘ఎట్టుండావు’ అంటే ‘ఎట్టుండావు’ అనే రాశాను. మాట మధ్యలో ఆగి ఆమె ముక్కు చీదుకుంటే నేనూ పెన్ను ఎత్తి ఆగాను. అలా రాస్తూ ఉంటే, నేను ఎన్నడూ చూడని ఒక ఊరూ, ఒక ఇల్లూ, గుమ్మంలో నిలబడిన ఒక మనిషీ నాకు కళ్లకు కట్టినట్టు కనిపించారు. ఆ ఊళ్లో చదువు వచ్చిన ఏ పిల్లవాడో ఈ ఉత్తరాన్ని ఆమెకు చదివి వినిపిస్తాడు, ఆమె జవాబు చెబితే వాడే రాస్తాడు. జవాబులో అక్షరాలు నా అక్షరాలంత కుదురుగా ఉండేవి కావు, కొమ్ములు ఎక్కడో, ఒత్తులు ఎక్కడో ఉండేవి. అయినా వాడూ చెప్పింది చెప్పినట్టే రాసేవాడని తెలిసేది. ‘అమా, నువు యీడికి వొచ్చేయి’ అని ఒకసారి వచ్చిన వాక్యాన్ని అవ్వ నాచేత నాలుగుసార్లు చదివించుకుంది. ఆ తరువాత ఇన్లాండు మడిచి రవికలో దాచుకుని పనిలోకి వెళ్లింది. ఏడెనిమిదేళ్లు ఆ ఉత్తరాలు రాశాను. ఆమె మాట ఆమెదిగా రాయడం వచ్చాక గాని, నా మాట నాదిగా రాయడం నాకు చేత కాలేదు.

*

ఆదివారం పొద్దున కాఫీలయ్యాక నాన్న పెన్ను కడిగేవారు. అది రాజమండ్రి నుంచి తెప్పించుకున్న రత్నం పెన్ను. స్వదేశీ వస్తువు తయారు చేయమన్న గాంధీగారి పిలుపు విని కె.వి. రత్నంగారు ఆ పెన్నులు చేశారని, పెన్ను అందుకుని 1935లో గాంధీగారు మెచ్చుకుంటూ స్వయంగా ఉత్తరం రాశారని, పెన్ను విప్పిన ప్రతిసారీ మాకు చెప్పేవారు. పాత పంచె గుడ్డ పరిచి, పాళీ విప్పి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, నీళ్లలోకి నీలం పొగలా దిగుతుంటే మేము చుట్టూ చేరి చూసేవాళ్లం. ఆ తరువాత ఫిల్లరుతో మరల దాకా ఇంకు పోసి, బిగించి, తుడిచి, చిత్తుకాగితం మీద మూడుసార్లు ‘శ్రీ’ రాసేవారు. మూడో శ్రీకి క్రావడి తెగకుండా వస్తే పెన్ను సిద్ధమైనట్టు. ఆయన కుడిచేతి చూపుడువేలు లోపలి అంచున నీలం మరక ఎప్పుడూ ఉండేది.

వృత్తి ప్రూఫులు దిద్దడం కాబట్టి ఆయనకు తప్పు అంటే సహించేది కాదని అనుకోవచ్చు. ఉత్తరాల విషయంలో మాత్రం ఆయన పట్టింపు వేరు. ఒక మాట జారిపోయిందని నేను కార్డు చింపబోతే చెయ్యి పట్టుకుని ఆపి, గీతకు కింద చిన్న హంసపాదు వేసి, పైన ఆ మాట రాయించారు. ‘చింపి మళ్లీ రాస్తే శుభ్రంగా ఉంటుంది గాని, నీకు ఆ మాట వెనక్కి వెళ్లి చెప్పాలనిపించిందన్న సంగతి తాతయ్యకు తెలియదు కదమ్మా’ అన్నారు. ఇప్పుడు ఫోనులో ఒక మాట కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టి పంపినప్పుడు, అవతలివారికి చేరేది తడబాటు లేని వాక్యం. అందులో సౌకర్యం ఉందని ఒప్పుకుంటాను. అయితే నాన్న ఉత్తరాలు ఈనాడు తీసి చూస్తే నన్ను పట్టి నిలబెట్టేవి ఆ హంసపాదులే. నా పెళ్లయిన వారానికి రాసిన ఉత్తరంలో ‘ఇల్లు బాగానే ఉంది’ అన్న వాక్యంలో ‘ఇల్లు’ తరువాత హంసపాదు వేసి, పైన ‘ఖాళీగా ఉన్నా’ అని చేర్చారు.

*

అప్పుడప్పుడు ఉత్తరం వెంటనే చేరవలసిన పని పడేది. వీధి చివరి ఎర్రడబ్బాలో ఆ రోజు ఉత్తరాలు తీసుకువెళ్లే వేళ దాటిపోయి ఉండేది. అలాంటి సాయంత్రాలలో నాన్న నన్ను వెంటబెట్టుకుని బస్సులో సెంట్రల్ స్టేషనుకు వెళ్లేవారు. రాత్రి బయలుదేరే హౌరా మెయిలుకు తగిలించిన ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీసు) పెట్టెలో ఉత్తరం వేయడానికి, లేటు ఫీజు కింద అదనపు బిళ్ల అంటించాలి. ప్లాట్‌ఫారం మీద కూలీల కేకలు, ఇనప చక్రాల తోపుడుబండ్ల చప్పుడు, టీ కేకల మధ్య నడిచి ఆ పెట్టె చేరుకుంటే, లోపల దీపాల కింద నిలబడి కొందరు మనుషులు ఉత్తరాలను గోడ నిండా ఉన్న అరలలోకి టకటకమని విసురుతూ ఉండేవారు. చూపు చిరునామా మీద, చెయ్యి అర వైపు. ఒక్కటీ గురి తప్పేది కాదు. పెట్టె పక్కన ఉన్న సందులోంచి నేను ఉత్తరం జారవిడిచేదాన్ని. గూడూరు, నెల్లూరు, ఒంగోలు, చీరాల అని నాన్న వేళ్ల మీద లెక్కపెడుతుంటే, రాత్రంతా ఆ ఊళ్లు దాటుతూ మా ఉత్తరం పోతుందని ఊహించుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లం.

నాన్నమ్మ పోయిన కబురు మాత్రం ఉత్తరంలో రాలేదు, టెలిగ్రాంలో వచ్చింది. టెలిగ్రాం అనగానే విప్పకముందే అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. పదిహేను రోజుల తరువాత, కర్మలన్నీ ముగించుకుని మేము మద్రాసు తిరిగి వచ్చాక, తాతయ్య దగ్గర నుంచి మొదటి కార్డు వచ్చింది. ఎప్పటిలాగే చీమలబారు అక్షరాలు. ఎప్పటిలాగే చిరునామా వైపు సగమూ నిండింది, అంచుల వెంబడి వాక్యాలు తిరిగాయి. అడుగున రెండు వేళ్ల వెడల్పు చోటు ఖాళీగా ఉంది. అమ్మ ఆ కార్డు పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడింది. ఆ తరువాత ఆయన బతికిన ఆరేళ్లలో వచ్చిన ప్రతి కార్డులోనూ ఆ చోటు అలాగే ఉంది.

*

ఇంటికి ఫోను వచ్చింది. ఉత్తరాలు నెలకొకటి, పండగకొకటి అయ్యాయి, తరువాత శుభలేఖలు మాత్రమే మిగిలాయి. 2013 జూలైలో టెలిగ్రాం ఆపేశారని పేపర్లో చదివినప్పుడు అమ్మ గుర్తుకు వచ్చింది. నేను మాత్రం బాపట్లలో ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలికి రాస్తూనే ఉన్నాను. ఇద్దరికీ సెల్‌ఫోన్లున్నాయి, వారానికోసారి మాట్లాడుకుంటాం కూడా. ఫోనులో మందుల సంగతులు, కోడళ్ల సంగతులు అయిపోతాయి. కాగితం ముందు కూర్చుంటే, ఆమెకు ఏం చెప్పాలా అని కిటికీలోంచి చూస్తూ ఆలోచించే పది నిమిషాలున్నాయే, ఆ పది నిమిషాలూ ఆమె నా ఎదురుగా కూర్చుని ఉంటుంది. జవాబు వచ్చినా రాకపోయినా ఆ సంతోషం నాకు దక్కుతుంది. వేళ్లు కొద్దిగా వణుకుతున్నందువల్ల తలకట్లు ఇదివరకటిలా రావడం లేదు. ఆమె తలకట్లూ అంతే.

బంక వాసన తెచ్చిన ఆ పది కార్డులలో మొదటిది బెంగళూరులో ఉన్న మనవరాలికి రాశాను. మూడో తరగతి. బడిలో కన్నడం, ఇంట్లో వాళ్లమ్మ నేర్పిన తెలుగు. పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. మా వాచ్‌మాన్ అది కరెంటు బిల్లుల మధ్య పెట్టి తెచ్చి ఇచ్చాడు. ‘అమమ్మ’ అని రాసి, ఒత్తు మరిచిపోయానని తెలుసుకుని, పక్కన బాణం గుర్తు వేసి ఆ ‘మ’ ఒత్తును విడిగా గీసింది. తలకట్లు కన్నడపు వంపు తిరిగి ఉన్నాయి. హంసపాదు అంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు.

నిన్న రాత్రి జవాబు రాయడానికి కూర్చున్నాను. హంసపాదు ఎలా వేయాలో బొమ్మ వేసి చూపించాను, ఉదయగిరి అవ్వ సంగతి కొంత రాశాను, అంచుల దాకా వచ్చాను. అడుగున రెండు వేళ్ల చోటు వదిలి, కార్డూ పెన్నూ మావారి ముందు పెట్టాను. ఆయన సంతకం తప్ప చేత్తో ఏదైనా రాసి ఎన్నేళ్లయిందో.

‘ఏం రాయమంటావు?’ అన్నారు.

‘మీ ఇష్టం. ఒక్క వాక్యం పడుతుంది’ అన్నాను.

కళ్లజోడు వెతుక్కుని వచ్చి, పెన్ను మూత తీసి, చాలాసేపు కార్డు వైపే చూస్తూ కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి పాలు తోడుపెట్టి వచ్చేసరికి ఇంకు ఆరడం కోసం ఊదుతున్నారు. ‘మీ బాల్కనీలో నేను నాటిన తులసి చిగిర్చిందా తల్లీ?’ అని ఉంది. ‘తులసి’కి ముందు హంసపాదు వేసి, పైన ‘చిన్న’ అని చేర్చారు.